చలికాలమంతా మూలన పడున్న స్కైడైవింగ్ రిగ్ (వీపున కట్టుకునే పారాచూట్ల సంచి): సీజన్ మొదటి జంప్‌కి ముందు ఏమేం చూడాలి?

పొడుగు_స్లైడర్ | ఏప్రిల్ 9, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఇల్లినాయ్‌లో మంచు వదిలింది, డ్రాప్‌జోన్లు (స్కైడైవింగ్ మైదానాలు) తెరుస్తున్నారు. రిగ్ నవంబర్ మొదటి వారం నుంచి అల్మరాలోనే ఉంది. వివరాలు ఇవీ:

సీ లైసెన్స్ (ఏ నుంచి డీ దాకా నాలుగింటిలో మూడోది), 340 జంపులు. మెయిన్ (మామూలుగా వాడే పారాచూట్) సేబర్2 170, అంటే 170 చదరపు అడుగులది, స్పెక్ట్రా రకం లైన్లు (తాళ్ళు), లైన్లు వేశాక 320 జంపులు. పీడీ కంపెనీ రిజర్వ్ (అత్యవసర పారాచూట్), సైప్రెస్ 2 (రిజర్వ్‌ని దానంతటదే తెరిచే ఏఏడీ పరికరం), ఆర్‌ఎస్‌ఎల్ (మెయిన్ వదిలేస్తే రిజర్వ్‌ని లాగే పట్టీ) ఉంది. బట్టలు, రిగ్ అన్నీ కలిపి ఎగ్జిట్ వెయిట్ (దూకేటప్పటి బరువు) 216 పౌండ్లు. రిజర్వ్ అక్టోబర్ 20న ప్యాక్ చేసింది, అంటే ఏప్రిల్ 20 దాకా టైముంది.

ప్రశ్నలు రెండు. రిగ్గర్ (పారాచూట్లు తనిఖీ చేసి ప్యాక్ చేసే నిపుణుడు) చూసేది పోను నేను స్వయంగా చూసుకోవాల్సినవి ఏంటి? రెండోది, ఒక 150 చదరపు అడుగుల మెయిన్ మంచి బేరంలో వస్తోంది, తీసుకోవచ్చా?

సీల్_దారం | ఏప్రిల్ 9, ఉదయం 8:15

ముందు తేదీ సరిచేసుకోండి. రిజర్వ్ ప్యాక్‌కి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) లెక్క 180 రోజులు, ఆరు నెలలు కాదు. అక్టోబర్ 20 నుంచి లెక్కపెడితే ఏప్రిల్ 18తో సరి. 19న ఆ రిగ్‌తో విమానం ఎక్కితే అది గడువు దాటిన రిజర్వే. (2008 చివరి దాకా అమెరికాలో 120 రోజులే ఉండేది. పాత పుస్తకాల్లో ఆ అంకె కనబడితే కంగారు పడొద్దు.) సీజన్ మొదట్లో రిగ్గర్ల దగ్గర క్యూ బస్టాండ్‌లా ఉంటుంది, ఈరోజే ఫోన్ చేయండి.

రిగ్ బల్ల మీద పడేసి వచ్చేయకండి. రిగ్గర్ ముందు తొడుక్కుని, కాలి పట్టీలు బిగించి, హ్యాండిల్స్ మీరే లాగండి. రిజర్వ్ ఎలాగూ విప్పాలి కాబట్టి ఆ అవకాశం ఉచితం. వెన్ను వంచి ఆర్చ్, కుడి పక్క దిండు (మెయిన్‌ని వదిలేసే కట్‌అవే హ్యాండిల్) వైపు చూపు, పట్టు, వెల్క్రో ఒలిచినట్టు విడదీసి చెయ్యి పూర్తిగా చాచేదాకా లాగడం, ఆ తర్వాత ఎడమ చేత్తో రిజర్వ్. చలికాలంలో చేతులు మరిచిపోయే వరస ఇదే. రిజర్వ్ రిప్‌కార్డ్‌కి 22 పౌండ్లకి మించి బలం పట్టకూడదు. అంతకన్నా గట్టిగా అనిపిస్తే స్ప్రింగ్ స్కేల్ పెట్టి కొలవమనండి.

త్రీ-రింగ్ (మెయిన్‌ని రిగ్‌కి పట్టి ఉంచే మూడు రింగుల కొక్కెం) మాత్రం మీ పనే. నెలకోసారి విప్పాలని చెబుతారు, ఐదు నెలలు అలాగే ఉంటే రైజర్ పట్టీ (లైన్లని రిగ్‌కి కలిపేది) మడత పడ్డచోటే గట్టిపడి, రింగులు తిరగబడటానికి బద్ధకిస్తుంది. విప్పండి, పట్టీని రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి అటూ ఇటూ బాగా నలపండి. కట్‌అవే హ్యాండిల్ పసుపు కేబుల్‌ని శుభ్రమైన గుడ్డతో తుడిస్తే నల్లటి జిడ్డు వస్తుంది. కట్‌అవే బరువెక్కేది ఆ జిడ్డు వల్లే. నూనె రాయాలంటే మీ కంటైనర్ (రిగ్ సంచి) మాన్యువల్ చెప్పిందే, పలుచగా. తిరిగి కలిపేటప్పుడు ఒక్కో రింగు తన కిందున్న ఒక్క రింగులోంచే దూరాలి, తెల్ల లూప్ అన్నిటికన్నా చిన్న రింగు మీదుగా మాత్రమే వెళ్ళాలి. లూప్ పొరపాటున మధ్య రింగుని కూడా చుట్టేస్తే నేల మీద చూడ్డానికి బాగానే ఉంటుంది. గాల్లో వదలదు.

రిజర్వ్ లేబుల్ మీద గళ్ళు కూడా చూడమనండి. పీడీ రిజర్వ్ 40 ప్యాకులు లేదా 25 వాడకాలు అయ్యాక తనిఖీకి కంపెనీకి వెళ్ళాలి.

ప్యాకింగ్_మ్యాట్ | ఏప్రిల్ 9, ఉదయం 10:02

సీల్ గారు వీపు పైభాగం చూశారు, నేను కిందిభాగం చూస్తాను. జనం ఎక్కువగా అశ్రద్ధ చేసేది పైలట్ చూట్‌ని (గాల్లోకి విసిరితే మెయిన్‌ని బయటికి లాగే చిన్న గొడుగు).

కిల్ లైన్ (మెయిన్ తెరుచుకున్నాక పైలట్ చూట్‌ని మూసేసే లోపలి తాడు) కూడా స్పెక్ట్రానే, అదీ కుదించుకుపోతుంది. కాక్ చేశాక (పైలట్ చూట్‌ని మళ్ళీ తెరుచుకునేలా లాగి పెట్టాక) బ్రైడిల్ (పైలట్ చూట్‌ని మెయిన్ బ్యాగ్‌కి కలిపే పట్టీ) కిటికీలో రంగు కనబడింది కదా అని సరిపెట్టుకోకండి. కుదించుకున్న లైన్ కూడా రంగు చూపిస్తుంది. కాక్ చేసి, బ్యాగ్ దగ్గర బ్రైడిల్‌ని ఒకరు పట్టుకుని, ఇంకొకరు పైలట్ చూట్ మెష్ దగ్గర లాగి చూడండి. బ్రైడిల్ పట్టీ బిగుసుకుని, లోపలి లైన్ కొంచెం వదులుగా ఉంటే మంచిది. దానికి తిరగబడి, పట్టీ గాజుల్లా ముడతలు పడి లోపలి లైన్ బిగుసుకుంటే, పైలట్ చూట్ నడినెత్తి లోపలికి గుంజుకుపోయి సగం గొడుగే తెరుచుకుంటున్నట్టు. పిన్ను లాగేదాకా ఒకటి రెండు సెకన్లు తటపటాయింపు అక్కడినుంచే వస్తుంది. కొత్త కిల్ లైన్ ఖర్చు ఒక లోడ్ టికెట్ (ఒక జంప్ ఛార్జీ) అంత.

క్లోజింగ్ లూప్ (పిన్ను గుచ్చి మెయిన్ వైపు కంటైనర్ మూసే తాడు) పదో వంతు అరిగినా తీసేయండి, పీచు లేస్తే లెక్కపెట్టకుండానే తీసేయండి. ఇక్కడ ఒక చిక్కుంది. కొత్త రిజర్వ్ ప్యాక్ వచ్చాక కంటైనర్ ఆకారం కాస్త మారుతుంది, పాత లూప్ పొడుగు సరిపోతుందన్న నమ్మకం లేదు. పిన్ను లాగడానికి 8 నుంచి 11 పౌండ్లు పట్టాలి. చేపల తూకం స్కేల్ ఒకటి ప్యాకింగ్ టూల్‌తో పాటు బ్యాగ్‌లో పడేసుకుంటే గొడవ తీరిపోతుంది.

కొత్తమబ్బు | ఏప్రిల్ 9, ఉదయం 10:30

లూప్ వదులైతే నష్టమేంటి? బిగుతు కన్నా మంచిదే కదా, సులువుగా తెరుచుకుంటుంది?

ప్యాకింగ్_మ్యాట్ | ఏప్రిల్ 9, ఉదయం 10:41

తమ్ముడూ, అది అడగకుండానే తెరుచుకుంటుంది. డోర్‌లో వీపు ఆనిస్తే చాలు పిన్ను జారుతుంది, బ్యాగ్ విమానం తోక వైపు వెళ్తే నీతో పాటు అందరి పనీ అయినట్టే. గాల్లోనైతే ఇంకో రకం. పొట్ట మీద పడేవాడి వేగం గంటకి 120 మైళ్ళు, కూర్చుని ఎగిరేవాడిది 160 దాటుతుంది. ఆ వేగంలో మెయిన్ దానంతటదే తెరుచుకుంటే బట్టా చిరుగుతుంది, మెడా పట్టేస్తుంది. ఫ్రీఫ్లై (కూర్చునో తలకిందులుగానో పడడం) చేసేవాళ్ళు లూప్ విషయంలో, పైలట్ చూట్ పౌచ్ ఎలాస్టిక్ విషయంలో అంత చాదస్తంగా ఉండేది అందుకే. పౌచ్‌ని బోర్లించి ఊపి చూడు, పైలట్ చూట్ వెనకాల నుంచి బయటికి తొంగిచూడకూడదు.

సన్నలైన్ | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 12:55

320 జంపుల స్పెక్ట్రా అన్నారు. అసలు సంగతి అక్కడుంది, ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

ఓపెనింగ్‌లో స్లైడర్ (తెరుచుకోవడాన్ని నెమ్మది చేసే గుడ్డ ముక్క) గ్రొమెట్లు, అంటే దాని లోహపు వలయాలు, లైన్ల మీద రాసుకుంటూ దిగుతాయి, ఆ రాపిడి వేడికి స్పెక్ట్రా కుదించుకుంటుంది. గ్రొమెట్‌కి ఎక్కువ ఒరుసుకునే బయటి లైన్లు ఎక్కువగా, మధ్య లైన్లు తక్కువగా. అందరికన్నా ముందు పొట్టిబడేది కింది బ్రేక్ లైన్లు. అవి కొన్ని అంగుళాలు తగ్గాయంటే టాగుల్స్ (బ్రేక్ లైన్లు లాగే పిడులు) పూర్తిగా పైకి వదిలినా తోక కిందికి వంగే ఉంటుంది, ఎప్పుడూ కొంచెం బ్రేకు తొక్కి పట్టుకుని బండి నడిపినట్టు.

కనిపెట్టడం తేలిక. ఎత్తులో, చుట్టూ ఎవరూ లేనప్పుడు, టాగుల్స్ చేతిలోనే ఉంచుకుని రెండు ఫ్రంట్ రైజర్లు రెండు మూడు అంగుళాలు లాగండి. కెనపీ (తెరుచుకున్న పారాచూట్) నున్నగా దూకితే సరే. గుర్రంలా ఎగిరెగిరి పడితే బ్రేక్ లైన్ పొట్టిది. ఇంకో గుర్తు, పూర్తి వేగంలో తల తిప్పి చూస్తే బ్రేక్ లైన్లు గాలికి వెనక్కి విల్లులా వంగాలి. సూటిగా బిగుసుకుని ఉన్నాయంటే టేప్ తీయండి. పీడీ వాళ్ళ ట్రిమ్ చార్టులు (ఏ లైన్ ఎంత పొడుగుండాలో చెప్పే పట్టికలు) అందరికీ దొరుకుతాయి, ఎడమ కుడి పక్కపక్కన పెట్టి కొలవండి. రెండిటికీ తేడా ఉంటే కెనపీ ఒక పక్కకే లాగుతుంది.

వెక్ట్రాన్, హెచ్‌ఎంఏ రకం లైన్లయితే కథ వేరు. పొడుగు మారదు, ట్రిమ్ చక్కగా ఉంటుంది, కానీ అరిగి అరిగి చెప్పకుండా తెగుతుంది. స్పెక్ట్రా అలా కాదు, వేషం మార్చి మరీ చెబుతుంది. డాక్రాన్ లావు, ఓపెనింగ్ మెత్తన, ప్యాక్ పెద్దది. నా ఓటు, ఏటా వంద నూటయాభై జంపులు చేసేవాడికి స్పెక్ట్రానే.

ఎర్రదిండు | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 1:20

హెచ్‌ఎంఏ వాళ్ళని మరీ భయపెట్టేస్తున్నారు అన్నా. 😀 జంపులు లెక్క రాసుకుని, కింది బ్రేక్ లైన్ క్యాట్-ఐ (టాగుల్ ముక్కు దూరే కన్నం) దగ్గర పీచు చూసుకుంటే చెప్పకుండా ఏమీ తెగదు. బద్ధకస్తుడికి స్పెక్ట్రా, లెక్కల మనిషికి హెచ్‌ఎంఏ.

క్యాట్-ఐ అన్నారు కాబట్టి, టాగుల్ ముక్కు దాంట్లో గట్టిగా కూర్చుంటోందా చూడండి. టక్ వదులై ఓపెనింగ్‌లోనే ఒక పక్క బ్రేక్ వదిలేస్తే కెనపీ ఆ క్షణం నుంచే గిరగిరా తిరుగుతుంది. 1.3 వింగ్ లోడింగ్ (కెనపీ ఒక్కో చదరపు అడుగుకి మోసే పౌండ్లు) మీద అది లైన్ ట్విస్ట్‌తో (లైన్లు మెలిపడడంతో) కలిస్తే తన్నుకుంటూ కూర్చునే వ్యవధి ఉండదు. బీ లైసెన్స్ నుంచి పైవాళ్ళకి కట్‌అవే నిర్ణయం 1,800 అడుగులకి అయిపోవాలి, 1,000 కింద కట్‌అవే లేదు.

నాలుగు_బీప్‌లు | ఏప్రిల్ 9, సాయంత్రం 4:10

ఏఏడీ గురించి రెండు ముక్కలు.

సైప్రెస్ లేబుల్ మీద తయారీ నెల చూడండి. 2016 నుంచి తయారైనవాటికి ఆయువు పదిహేనున్నర ఏళ్ళు, అంతకుముందువాటికి పన్నెండున్నర. ఎక్స్‌పర్ట్ మోడ్‌లో గంటకి 78 మైళ్ళు దాటిన వేగంతో సుమారు 750 అడుగులకి వస్తే రిజర్వ్‌ని తెరిచేస్తుంది.

ఇంట్లో ఆన్ చేసి కారెక్కకండి. అది ఆన్ చేసిన చోటుని సున్నా అనుకుంటుంది. డ్రాప్‌జోన్ మీ ఇంటికన్నా ఎత్తులోనో పల్లంలోనో ఉంటే ఆ తేడా అంతా లెక్కలో తప్పే. రన్‌వే పక్కనే ఆన్ చేయాలి. ఎక్కడో పొలంలో దిగి ట్రక్కులో తిరిగొస్తే ఆపి మళ్ళీ ఆన్ చేయాలి. 14 గంటలకి దానంతటదే ఆరిపోతుంది, కాబట్టి నిన్నటి ఆన్ ఈరోజుకి పనికిరాదు.

బీ, సీ, డీ లైసెన్సులకి పిన్ను లాగే కనీస ఎత్తు 2,500, ఏకి 3,000. సేబర్2 తాపీగా తెరుచుకుంటుంది. 2,000కి లాగి, పైలట్ చూట్ కాసేపు తటపటాయిస్తే, ఏఏడీ తన పని తాను చేసి నెత్తిన రెండు కెనపీలు పెడుతుంది.

కొత్తమబ్బు | ఏప్రిల్ 9, సాయంత్రం 4:32

రెండూ తెరుచుకుంటే ఏం చేయాలి? ఒకదాన్ని వెంటనే వదిలేయడమేనా?

ఎర్రదిండు | ఏప్రిల్ 9, సాయంత్రం 4:50

ఎలా ఉన్నాయో చూడకుండా వదలకూడదు. ఒకదాని వెనక ఒకటి ఉంటే ముందుదాన్ని రైజర్లతో మెల్లగా తిప్పుకుంటూ, బ్రేకులు విప్పకుండా, ఫ్లేర్ (నేల దగ్గర రెండు టాగుల్స్ లాగి వేగం తగ్గించడం) చేయకుండా దిగడమే. పక్కపక్కన ఉండి లైన్లు చిక్కుపడకుండా, ఎత్తు సరిపడా ఉంటే ఆర్‌ఎస్‌ఎల్ షాకిల్ విప్పి మెయిన్ వదలొచ్చు, లేదా పెద్దదాన్ని మెల్లగా నడుపుతూ దిగొచ్చు. రెండూ విడిపోయి నేల వైపు మూతి పెట్టి లాగుతుంటే మాత్రం ఆలోచన లేదు, మెయిన్ పోవాల్సిందే.

పైలట్ చూట్ బయటికొచ్చి మెయిన్ రాకుండా వెనకాల వేలాడుతుంటే రెండు పాఠాలున్నాయి: నేరుగా రిజర్వ్, లేదా కట్‌అవే చేసి రిజర్వ్. మొదటిదాంట్లో ఒక కదలిక తక్కువ, ఎత్తు మిగులుతుంది, కానీ రిజర్వ్‌తో పాటు మెయిన్ కూడా రావచ్చు. రెండోదాంట్లో వదిలేసిన రైజర్లు రిజర్వ్‌లో చిక్కుకోవచ్చు. రెండూ తప్పు కాదు. నేల మీద ఒకటి ఎంచుకుని, హ్యాంగింగ్ హార్నెస్‌లో అదే చేసి చూసుకోవాలి. గాల్లో ఎంచుకోవడం తప్పు.

మానిఫెస్ట్_అక్క | ఏప్రిల్ 9, రాత్రి 8:05

150 సంగతి ఎవరూ ఎత్తట్లేదు. లెక్క నేను చెప్తా.

216ని 170తో భాగిస్తే 1.27. 150తో భాగిస్తే 1.44. చాలామంది కెనపీ కోచ్‌లు వాడే కట్టుబాటు, వింగ్ లోడింగ్ మొదట 1.0, ఆపైన ప్రతి వంద జంపులకి 0.1. 340కి అది 1.34. అంటే నీ బరువుకి హద్దు 161 చదరపు అడుగులు. 150 గీత దాటేసింది, అదీ ఐదు నెలలు నేల మీదున్న చేతులతో.

"వేగం ఆరేడు శాతమేగా పెరిగేది" అంటారు. నిజమే, సూటిగా ఎగిరేటప్పుడు అంతే. కానీ చిన్న కెనపీకి లైన్లు పొట్టి, టాగుల్ లాగితే ఇంకా వేగంగా ఒరుగుతుంది, అదే మలుపులో ఎక్కువ ఎత్తు మింగేస్తుంది. నిక్షేపంలాంటి కెనపీ కింద జనం ఎముకలు విరగ్గొట్టుకునేది దాదాపు ఎప్పుడూ 200 అడుగుల కింద, ఎవర్నో, ఏ కంచెనో తప్పించబోయి లాగిన టాగుల్‌తోనే.

170 మీదే ఇవి వచ్చాయా చూసుకో తమ్ముడూ: 50 అడుగుల ఎత్తులో బ్రేకుల్లో చదునుగా 90 డిగ్రీల మలుపు, తిరుగుతూ తిరుగుతూ ఫ్లేర్ చేసి రెక్కని సమం చేయడం, వెనక రైజర్లతో దిగడం, పక్కగాలిలో దిగడం, అనుకున్న చోటికి 10 మీటర్లలో వరసగా ఐదుసార్లు. వీటిలో ఒక్కటి కష్టమనిపించినా 150 బేరం బేరం కాదు.

ఇంకోటి: 170కి కుట్టిన కంటైనర్‌లో 150 పెడితే ప్యాక్ లొడలొడలాడుతుంది, మళ్ళీ పొద్దున్నటి వదులు లూప్ కథే.

పొడుగు_స్లైడర్ | ఏప్రిల్ 9, రాత్రి 8:20

అర్థమైంది అక్కా. 150 వద్దు. మొదటి వారాంతం ఏం ఎగరాలి? స్నేహితులు 8-వే (ఎనిమిది మంది గాల్లో కలిసే జంప్) ప్లాన్ చేస్తున్నారు.

గుంపు_మేస్త్రి | ఏప్రిల్ 9, రాత్రి 9:15

సీ లైసెన్స్‌కి ఆరు నెలల దాకా ఎగరకపోయినా కాగితం ప్రకారం కరెంటే, అంటే చెల్లుబాటే (బీకి 90 రోజులు, ఏకి 60). కాగితం వేరు, చేతులు వేరు. మొదటి లోడ్ 5,000 అడుగుల నుంచి హాప్-అండ్-పాప్ తీసుకో. వెంటనే తెరిచి, కెనపీ మీద అన్నీ చేసి చూసుకో: స్టాల్ (బ్రేకు అతిగా లాగితే కెనపీ ఎగరడం ఆగడం), ఫ్లేర్, రైజర్ మలుపులు. ఆ తర్వాత 2-వే. 8-వే మధ్యాహ్నం చూద్దాం. ఆరుగురు, అంతకు మించి ఉంటే విడిపోయే ఎత్తు అందరికన్నా ముందు లాగేవాడి ఎత్తుకి కనీసం 2,000 అడుగులు పైన, ఐదుగురి దాకా 1,500.

ముందు గుంపు దూకాక డోర్‌లో ఎంతసేపు ఆగాలి అన్నది ప్రతి వసంతంలోనూ గొడవే. కిందకి చూసి ముందు గుంపు 45 డిగ్రీలకి వచ్చిందా అని కొలిచే పాత అలవాటు వదిలేయండి, ఆ కోణం విమానం వేగంతో సంబంధం లేకుండా దాదాపు ఒకేలా కనబడుతుంది. పైలట్‌ని గ్రౌండ్ స్పీడ్ అడగండి. గుంపుల మధ్య 1,000 అడుగులు కావాలనుకుంటే, 80 నాట్లకి ఏడున్నర సెకన్లు, 60కి పది, 50కి పన్నెండు. ఏప్రిల్ పైగాలుల్లో విమానం గాలికి ఎదురు నడుస్తూ పాకుతుంది, 12 సెకన్లు నిలబడితే వెనకవాళ్ళు "పో పో" అని అరుస్తారు. అరవనీ.

వరస: పెద్ద బెల్లీ (పొట్ట మీద పడే) గుంపులు ముందు, చిన్నవి తర్వాత, ఆపైన ఫ్రీఫ్లైయర్లు, స్టూడెంట్లు, టాండెమ్‌లు (ఒకే రిగ్ కింద ఇద్దరు), చివర వింగ్‌సూట్లు. నెమ్మదిగా పడేవాడు పైగాలిలో ఎక్కువసేపు కొట్టుకుపోతాడు కాబట్టి ముందు పంపాలి. వేగంగా పడేవాణ్ణి ముందు పంపితే, వెనకొచ్చిన బెల్లీ గుంపు అతని నెత్తి మీదికే కొట్టుకొస్తుంది.

విమానంలో పక్కవాడి పిన్ను చూసేటప్పుడు అడిగి చూడండి, చెప్పకుండా ఫ్లాప్ ఎత్తొద్దు. పైనుంచి కిందికి: ఏఏడీ ఆన్, రిజర్వ్ పిన్ను, మెయిన్ పిన్ను పూర్తిగా దిగిందా, బ్రైడిల్ పిన్ను కింద ఇరుక్కోకుండా ఉందా, కిటికీలో రంగు. ముందు వైపు మూడు రింగులు, మూడు పట్టీలు, మూడు హ్యాండిల్స్.

గాలిపటం_గోపి | ఏప్రిల్ 9, రాత్రి 9:40

టాపిక్ బయట మాట. 8-వే అతనికి మొదటిసారి అయితే బీరు బాకీ పడ్డట్టే, ఆచారం ఆచారమే. తాగనివాళ్ళు బిర్యానీ ట్రే తెచ్చినా మా డ్రాప్‌జోన్‌లో చెల్లుతుంది. రిజర్వ్ వాడాల్సి వస్తే రిగ్గర్‌కి సీసా, దాంట్లో బేరాల్లేవు.

సీల్_దారం | ఏప్రిల్ 9, రాత్రి 9:44

ట్రే అయితే హైదరాబాదీదే, ఆలూ వేసింది వద్దు.

పొడుగు_స్లైడర్ | ఏప్రిల్ 11, సాయంత్రం 6:30

కొలిచాను. కిల్ లైన్ ఫరవాలేదు. క్లోజింగ్ లూప్ మార్చాను. కింది బ్రేక్ లైన్లు మాత్రం చార్ట్‌తో పోలిస్తే ఎడమది మూడు అంగుళాలు, కుడిది మూడున్నర పొట్టి. కుడిదొక్కటే మార్చి ఎడమదానికి సమం చేయొచ్చా? మిగతా లైన్లు చార్ట్‌కి దగ్గరగానే ఉన్నాయి.

సీల్_దారం | ఏప్రిల్ 11, సాయంత్రం 7:05

వద్దు. పొట్టిదాన్ని ఇంకో పొట్టిదానికి సమం చేయడం అది. రెండూ జతగా, చార్ట్ పొడుగుకే. రిజర్వ్‌తో పాటే ఇచ్చేయండి, అదే రోజు అయిపోతుంది. మిగతా సెట్ ఈ సీజన్ లాగుతుంది, శరదృతువులో మొత్తం రీలైన్‌కి (అన్ని లైన్లూ మార్చడానికి) డబ్బులు పక్కన పెట్టుకోండి.

కొత్త లైన్లు వేశాక మీకు తెలిసిన ఫ్లేర్ అక్కడ ఉండదు. ఇన్నాళ్ళూ చెయ్యి ఛాతీ దగ్గరికి రాగానే తోక పట్టుకునేది, ఇప్పుడు మూడంగుళాలు కిందికి దిగాకే పట్టుకుంటుంది. పాత లెక్కతో ఛాతీ దగ్గరే ఆపితే సగం ఫ్లేర్‌తో నేల తగులుతుంది. ఆ హాప్-అండ్-పాప్‌లో 3,000 పైన ఆరేడు సార్లు ఫ్లేర్ చేసి, కెనపీ ఎక్కడ పైకి లేస్తోందో, ఎక్కడ స్టాల్ అవుతోందో చేతులకి అలవాటు చేయండి. దిగాక టాగుల్స్‌కి పడ్డ మెలికలు విప్పకుండా స్టో చేయకండి (సర్ది పెట్టకండి), మెలిక పడ్డ లైన్ కొలిస్తే పొట్టిగానే వస్తుంది.